నేల అడుగున, నింగి వైపు, నీటి నడుమ

హైదరాబాదు నగరంలోని సనత్‌నగర్ పారిశ్రామికవాడగా ప్రసిద్ధి పొందింది. ఉర్దూ భాషలో ‘సనత్’ అనే పదానికి పరిశ్రమ అనే అర్థమే కాక చేతిపని, కళానైపుణ్యం అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఆ కళానైపుణ్యానికి నిదర్శనాలను చూడగోరేవారు దూరప్రయాణం చేయనక్కరలేదు. ఇక్కడి నుండి బల్కంపేట, బేగంపేటల మీదుగా హుస్సేన్‌సాగర్ వరకు సాగితే మూడు మతాలకు చెందిన మూడు నిర్మాణాలు దర్శనమిస్తాయి. ఒకటి నేల అడుగున ఉన్నది. ఒకటి నింగి వైపు ఎగసినది. ఒకటి నీటి నడుమ నిలిచినది.

మొదటిది బల్కంపేట ఎల్లమ్మ దేవాలయం. సాధారణంగా భక్తులు మెట్లెక్కి దేవుణ్ణి దర్శిస్తారు. ఇక్కడ తల వంచి కిందికి చూడాలి. అమ్మవారి విగ్రహం నేలమట్టానికి సుమారు 10 అడుగుల లోతున, శయన భంగిమలో ఉంటుంది. పూర్వం ఒక రైతు బావి తవ్వుతుండగా అమ్మవారి రూపం గల శిల బయటపడిందనీ, దానిని కదలించడం ఎవరికీ సాధ్యం కాకపోవడంతో ఉన్నచోటనే పూజలు ఆరంభించారనీ భక్తులు చెప్పుకొంటారు. ఆ బావిలో ఊరే నీటినే తీర్థంగా స్వీకరిస్తారు. ఏటా ఆషాఢమాసంలోని తొలి మంగళవారం అమ్మవారి కల్యాణం వైభవంగా జరుగుతుంది. ఈ ఆలయానికి ఊటయే ప్రాణం. చుట్టూ ఉన్న నేలలో వాననీరు ఇంకితేనే ఊట నిలుస్తుంది.

అక్కడి నుండి తూర్పుగా వెళ్తే బేగంపేటలో స్పానిష్ మసీదు కనిపిస్తుంది. ఫలక్‌నుమా సౌధాన్ని కట్టించిన పాయిగా ప్రభువు సర్ వికారుల్ ఉమ్రా దీని నిర్మాణానికి పూనుకొన్నాడు. 1902లో ఆయన మరణించగా, కుమారుడు ఆ పనిని కొనసాగించాడు. 1906 నాటికి మసీదు పూర్తయింది. సాధారణంగా కనిపించే గుమ్మటాల మీనార్లకు బదులు ఇక్కడ కొనదేలిన శిఖరాలు ఉన్నాయి. అందువల్ల కొత్తగా చూసేవారు దీనిని చర్చిగా భ్రమపడుతుంటారు. స్పెయిన్ దేశంలోని కార్డోబాలో 785లో ఆరంభమైన మహామసీదు దీనికి ప్రేరణ అని చెబుతారు. గుర్రపు నాడాను పోలిన కమానులు అక్కడి శైలికి ఆనవాళ్లు. కార్డోబా మసీదు 1236లో క్రైస్తవ దేవాలయంగా మారింది. దాని శైలి మాత్రం శతాబ్దాల తరువాత దక్కనులో మళ్లీ చిగురించింది. ఈ శిఖరాల సొగసు తెలియాలంటే వాటి వెనుక ఆకాశం కనిపించాలి. ఎత్తయిన భవనాలు చుట్టుముడితే మసీదు నిలిచి ఉన్నా దాని అందం మరుగున పడుతుంది.

చివరిది హుస్సేన్‌సాగర్‌లోని బుద్ధ విగ్రహం. ఇబ్రహీం కుతుబ్‌షా పాలనలో 1562లో ఈ చెరువు నిర్మితమైంది. నాటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు సంకల్పం మేరకు, గణపతి స్థపతి ఆధ్వర్యంలో శిల్పులు ఈ మూర్తిని మలిచారు. భువనగిరి సమీపంలోని రాయగిరి కొండ నుండి తెచ్చిన ఏకశిల ఇది. ఎత్తు సుమారు 58 అడుగులు. 1990 మార్చి 10న పడవపై తరలిస్తుండగా విగ్రహం నీట మునిగింది. ఆ దుర్ఘటనలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. తిరిగి వెలికితీసిన విగ్రహాన్ని 1992 డిసెంబరు 1న పీఠంపై నిలిపారు. అభయముద్ర దాల్చిన ఆ మూర్తిని చూసేటప్పుడు అసువులు బాసిన ఆ శ్రామికులను కూడా స్మరించుకోవడం మన కర్తవ్యం. విగ్రహం వద్దకు పడవలు బయలుదేరే ఒడ్డున లుంబినీ ఉద్యానం ఉంది. బుద్ధుడు జన్మించిన వనం పేరే దానికి పెట్టారు. చెరువు నీరు కలుషితమైతే ఆ ఉద్యానంలోని పూల పరిమళం గాని, బుద్ధుని ప్రశాంతత గాని మనకు అందవు.

బావికి ఊట, శిఖరానికి ఆకాశం, విగ్రహానికి నిర్మలమైన నీరు అవసరం. గోడలకు సున్నం వేయడం, ప్రహరీలు కట్టడం పాలకులు చేయగల పనులు. వాననీటిని ఇంకించడం, చెరువులో చెత్త వేయకుండడం ప్రతి పౌరుడూ చేయగల పనులు. కట్టడాన్ని కాపాడడమంటే దాని పరిసరాలను కాపాడడమే. ఈ సత్యాన్ని గ్రహించిన నాడే పూర్వుల ‘సనత్’ మనకు నిజమైన వారసత్వం అవుతుంది.