మట్టి గోడ పై వానకు కాదు, అడుగున నిలిచిన నీళ్లకు కూలుతది

దేశీ విత్తనాల గదికో, ఆవుల కొట్టానికో మట్టి గోడలు పెడదామనుకునేటోళ్లు ముందుగా అడిగేది ఒక్కటే: "వానలకు ఆగుతదా?" అడగడంలో తప్పు లేదు. 2023 జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరంతా మోరంచ వాగు నీళ్లల్ల మునిగింది. చిట్యాలలో ఒక్క రోజులోనే 60 సెంటీమీటర్లు దాటి వాన పడింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్టే కొట్టుకపోయింది. అసొంటి వరదకు ఏ మట్టి గోడా నిలవదు. అందుకే మొదటి మాట: వాగు ఒడ్డున, పల్లంలో మట్టి గోడ పెట్టొద్దు.

కానీ వరద రాని ఊర్లల్ల కూడా గోడలు కూలుతున్నయి. అవి ఎందుకు కూలుతున్నయో, ఎట్ల ఆపుకోవచ్చో ఇక్కడ రాస్తున్న. మట్టి పరీక్ష ఎట్ల చేయాలో వీడియోలో చూడండి.

తడిసిన గోడలో ఏం జరుగుతది?

మట్టి గోడలో ఇసుక, మొరం బరువు మోస్తయి. వాటిని పట్టి ఉంచేది బంకమట్టి. ఎండిన గోడలో కూడా కణాల మధ్య కంటికి కనబడనంత సన్నగా నీటి పొర ఉంటది. అదే కణాలను ఒకదాన్నొకటి దగ్గరికి లాగి పట్టుకుంటది. నీళ్లు ఎక్కువై సందులు నిండితే ఆ లాగుడు పోతది. గోడ బలం సగానికన్నా కిందికి పడిపోతది, పూర్తిగా నానితే ముద్దగా జారుతది.

ఒక లెక్క చూద్దాం. అడుగున్నర మందం, తొమ్మిది అడుగుల ఎత్తు గోడలో ఒక్క అడుగు పొడవు ముక్క బరువే దాదాపు ఆరున్నర క్వింటాళ్లు. ఆ బరువంతా అడుగునే పడుతది. వాన చినుకులు నేల మీద పడి చిందుతయి, అడుగున ఉన్న మట్టిని బయటి వైపు నుంచి కొంచెం కొంచెం తింటయి. నాలుగు ఇంచులు పోయిందనుకోండి, పైబరువు మిగిలిన మట్టి మీద నడిమధ్యల కాకుండా బయటి అంచు వైపు పడుతది. అప్పుడు గోడ బయటికి ఒరుగుతది. పైన చూస్తే గోడ బాగానే ఉంటది, రోగం మాత్రం కాళ్ల దగ్గర ఉంటది.

ఓరుగల్లు మట్టికోట

మట్టి నీళ్లకు ఆగదనేటోళ్లు ఒకసారి వరంగల్ పోయి మట్టికోట కట్ట చూడాలె. 1310లో మాలిక్ కాఫూర్ సేన ముట్టడించినప్పుడు ఆ మట్టి గోడ ఎంత గట్టిగా ఉందో అమీర్ ఖుస్రో రాసిపెట్టిండు. ఏడు వందల ఏండ్లు దాటినా కట్ట ఇంకా కనబడుతది. కారణం మంత్రం కాదు. అడుగు వెడల్పు, రెండు వైపులా వాలు, పైన గడ్డి. వాన నీళ్లు ఆగకుండా జారిపోతయి. మన కాకతీయుల చెరువు కట్టలదీ ఇదే లెక్క. ఇంటి గోడను అంత వెడల్పుగా కట్టలేం కాబట్టి వాలు చేసే పనిని చూరుతో, రాతి కట్టుతో చేయించుకోవాలె.

ఏ మట్టి పనికొస్తది?

జనగామ వైపు ఎర్ర చెల్కల మట్టి గోడలకు మంచిది, అందులో ఇసుక, బంక రెండూ ఉంటయి. పత్తి పండే నల్లరేగడి తడిస్తే ఉబ్బుతది, ఎండితే పగులుతది. ఆ పగుళ్లల్లకు మళ్లీ నీళ్లు దిగుతయి. చెరువు మట్టి పొలానికి బంగారమే గానీ ఒక్కదాన్నే గోడకు వాడితే పగుళ్లు తప్పవు. ఎర్రమట్టి, ఇసుక, కత్తిరించిన వరిగడ్డి కలుపుకోవాలె.

పరీక్ష సులువు. సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా ఊపి ఒకరోజు కదపకుండా పెట్టండి. అడుగున ఇసుక, మధ్యల ఒండ్రు, పైన బంక పొరలుగా తేరుకుంటయి. బంక మొత్తంలో ఐదో వంతు, నాలుగో వంతు మధ్య ఉంటే బాగుంటది. డిప్లొమాలో నేలల రకం తెలుసుకోవడానికి మేం నేర్చుకున్న పరీక్షే ఇది.

కట్టేటప్పుడు

- నేల మీద కనీసం అడుగున్నర ఎత్తు రాతి కట్టు. చిందే నీళ్లు మట్టిని తాకొద్దు.
- రాయికీ మట్టికీ మధ్య తేమ ఎక్కకుండా మందపాటి ప్లాస్టిక్ షీటు.
- చూరు గోడ దాటి రెండు, రెండున్నర అడుగులు బయటికి రావాలె.
- గోడ ఎత్తు మందానికి ఎనిమిది రెట్లు దాటొద్దు. మట్టి కట్టడాల ప్రమాణం ఐఎస్ 13827 చెప్పేదీ ఇదే.
- ఒక వరుస ఆరి గట్టిపడినంకనే దాని మీద ఇంకో వరుస.

సిమెంటు పూతతో జాగ్రత్త

పాత గోడ పెచ్చులూడుతుందని చాలామంది సిమెంటు పూస్తున్నరు. చూడటానికి గట్టిగా ఉంటది. కానీ నేల నుంచి ఎక్కిన తేమ, పగుళ్లల్ల దిగిన నీళ్లు బయటికి ఆరిపోయే తొవ్వ సరిగ్గ ఉండదు. సిమెంటు వెనక మట్టి నానుతనే ఉంటది, మనకు కనబడదు. మట్టీ పెండా కలిపిన పూత, లేదా సున్నం పూత అయితే గోడ ఆరుతది. ఏడాదికోసారి మెత్తుకునుడు శ్రమే, కానీ మన పెద్దలు ఊకెనే చేయలేదు.

ఇంకోటి, వీధిల సీసీ రోడ్డు పడినప్పుడు ఎత్తు పెరుగుతది. పాత ఇంటి గోడ అడుగు రోడ్డు కన్నా కిందికి పోతది, నీళ్లన్నీ గోడకే వస్తయి. అట్లుంటే ఈ ఎండాకాలమే గోడ వెంట కాలువ తీయండి.

మన కొట్టాలల్ల ప్రత్యేకంగా చూడాల్సింది ఆవు మూత్రం. ఉప్పు గుణం ఉన్న ఆ తడి ఆరినప్పుడల్లా మట్టిని పొడిపొడిగా రాలుస్తది. మూత్రం కాలువ, జీవామృతం డ్రమ్ములు గోడకు మూడు అడుగుల దూరంల ఉండాలె.

ఎప్పుడు బయటికి రావాలె?

గోడ పొట్ట ఉబ్బినా, మూలల నిలువు పగులు పెద్దదైనా, తలుపు ఉన్నట్టుండి బిగుసుకున్నా, అడుగున మట్టి ముద్దలు రాలినా ఆ గదిల మనుషులు పడుకోవద్దు, ఆవులను కట్టొద్దు. వాన ఆగింది కదా అని వెంటనే లోపలికి పోవద్దు. లోపలి తడి రోజుల తరబడి ఉంటది, చాలా గోడలు తెరిపిచ్చినంకనే కూలుతయి. నాలుగైదు రోజులు ఎండ తగిలి, వేలితో నొక్కితే అడుగు గట్టిగా అనిపించినంకనే మరమ్మతు మొదలుపెట్టండి.