అతికించే విద్య

జిగురు అనగానే మనకు అంటుకుపోయిన వేళ్లే గుర్తుకొస్తాయి గాని, దాని వంశం చాలా పెద్దది సుమండీ! తుమ్మచెట్టు కారిస్తే బంక. పశువుల తోళ్లూ, యెముకలూ ఉడికిస్తే వడ్రంగుల సరేసు. మైదా కాస్తే గోడమీద సినిమా పోస్టరు నిలబెట్టే గంజి.

ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. పచ్చి తుమికికాయలూ, వెలగకాయలూ వగైరా నీళ్లలో వేసి, యెనిమిదోవంతుకు మరగకాచి, గుగ్గిలం వంటివి కలపమన్నాడు. గుడిగోడలకూ, విగ్రహాలకూ అది లేపనం.

మన కొండపల్లి బొమ్మ చూడండి. తెల్లపొణికి కర్రతో చేసిన ఆ కాళ్లూ చేతులూ వొంటికి అతుక్కునేది చింతగింజల పిండీ, రంపపుపొట్టూ కలిపిన ముద్దతోనే.

ఇందులో కిటుకేమిటంటే, జిగురు పల్చగా వున్నప్పుడు రెండు ముక్కల సన్నని రంధ్రాల్లోకీ దూరి, అక్కడే గట్టిపడుతుంది. అందుకే దుమ్మూ, జిడ్డూ ముందు తుడవాలి.

మా నాన్నగారి చేతిరాతతో వున్న పద్దుపుస్తకం చిరిగితే పిల్లలు టేపు తెచ్చారు. వద్దన్నాను. టేపు కొన్నాళ్లకు పసుపెక్కి, కాగితం మీద మరక దించుతుంది. లాగితే అక్షరాలూ వెంట వస్తాయి. పల్చని కాగితపు పేలికకు మైదాగంజి రాసి అంటించి, బరువు పెట్టి ఆరనిచ్చాను. రేపు ఇంతకంటె నేర్పరి దొరికితే, కాస్త తడిచేసి దాన్ని వూడదీసి, మళ్లీ బాగుచేయవచ్చు. ఆ వీలు టేపులో లేదు.