మెదకు చర్చి దర్శనము

దాచేపల్లివారికి రాతిని గూర్చి యొకరు చెప్పవలసిన పని లేదు. ప్రక్కనున్న పిడుగురాళ్ల సున్నపు బట్టీలను, ఇంటింటి నాపరాతి పఱపును చూచుచు పెరిగి, పొందుగల కడ కృష్ణను దాటి, మిర్యాలగూడ, నల్లగొండ, హైదరాబాదుల మీదుగా మెదకు చేరిన యాత్రికునకు 175 అడుగుల గంటగోపురము కంటబడినంతనే మొదట తోచునది భక్తి గాదు. ఇంత శిల నెవ్వరు మోసిరి, ఎవ్వరు చెక్కిరి యను ప్రశ్నము.

మోసినవారు చుట్టుపట్ల పల్లెల బీదలు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ యైన చార్లెస్ వాకర్ పాస్నెట్, క్షామముచే కృశించిన జనులకు ఊరక అన్నము పెట్టుటకంటె పని కల్పించి కూలి యొసగుట మేలని తలంచి దీనిని కట్టించెనని చెప్పుదురు. 200 అడుగుల పొడవును 100 అడుగుల వెడల్పును గలిగి, అయిదువేలమందికి చోటీయగల యీ మందిరము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమయ్యెను. ఆసియాఖండమున దీని స్థాన మెన్నవది, చార్మినారుకంటె పొడవా పొట్టియా యను వాదములు పిల్లల పందెములవంటివి. వానిని విడిచి లోనికి పోవుటయే ఉచితము.

పెద్దదగుటచేత చర్చి కెథీడ్రల్ కాజాలదు. బిషప్పు పీఠ మందుండవలెను. పాస్నెట్ సంఘమునకు బిషప్పులే లేరు! 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికనులు, మెథడిస్టులు మొదలగువారు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా నేర్పడినప్పుడు గాని, అనగా ప్రతిష్ఠ జరిగిన యిరువదిమూడేండ్లకు గాని, దీనికా గౌరవము దక్కలేదు. 1849లో గురజాల చేరిన లూథరను మిషనరీ హేయరు నాటినుండి పలనాట వేళ్లూనిన లూథరనులు ఈ యైక్యమున చేరలేదు గనుక, మన సీమనుండి పోవు క్రైస్తవులలో పెక్కుమంది యిచట చుట్టపుచూపుగా వచ్చినవారే యగుదురు.

లోపల కాలు కదలనీయనివి రంగుటద్దముల గవాక్షములు. లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ కల్పించిన క్రీస్తు ఆరోహణము 1927లోను, జననము 1947లోను, సిలువ మరణము 1958లోను అమరినవి. కథాక్రమము తప్పినను, ముప్పది యొక్క సంవత్సరముల యెడమున కూడిన యీ మూడింటి యందును వర్ణములొక్క కుటుంబమునకు చెందినట్లే యుండును. గోడమీది పటమునకు దీపము చాలును గాని, ఈ చిత్రమునకు వెలుపలి యెండయే ప్రాణము. సంజ వ్రాలినచో లోపలివారికి అగపడునది నల్లని పలకయే.

క్రిస్మసు దినములలో జనసమ్మర్దమున తల యెత్తి చూచుటకైనను తీరిక దొరకదు. మిరపకాయ గుంటూరు యార్డునకు చేరి చేతులు ఖాళీయైన పిమ్మట, వేసవి తొలిదినములలో ఒక సామాన్యవారమున ప్రొద్దుండగనే పోవుట మన రైతులకు అనువు.