చవక విమానం - న్యాయమైన ధర

బాన్సువాడ చుట్టుపక్కల ఊళ్లలో గల్ఫ్ సంపాదనతో నడిచే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మనకు విమానం విలాసం కాదు. అది ఉపాధికి, ఉమ్రాకు దారి. కన్నతండ్రి జనాజాకు అందుకోవడానికి ఉన్న ఒకే ఒక్క దారి. అందుకే విమాన సంస్థల పోటీ మన ఇంటి విషయమే.

2003లో షార్జా నుండి ఎయిర్ అరేబియా తక్కువ ఛార్జీల సర్వీసులు ప్రారంభించింది. 2005 ఏప్రిల్‌లో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ కేరళ నుండి గల్ఫ్‌కు ఎగిరింది. ఐదేళ్ల అనుభవం, 20 విమానాలు ఉంటేనే మన ప్రైవేటు సంస్థలు విదేశాలకు వెళ్లాలన్న నిబంధన అప్పట్లో ఉండేది. అందువల్ల 2006లో మొదలైన ఇండిగో 2011 సెప్టెంబరులో గాని దుబాయికి వెళ్లలేకపోయింది. 2016లో ఐదేళ్ల షరతు తొలగింది.

ఒకే రకం విమానాలు, ఎక్కువ సీట్లు, భోజనానికి వేరే డబ్బు, దిగిన విమానం త్వరగా మళ్లీ ఎగరడం - ఇవే చవక ధర వెనుక ఉన్న కిటుకులు. ఇందులో తప్పేమీ లేదు. కాని పోటీదారులు తగ్గితే ప్రయాణికునికి ఎంపికా తగ్గుతుంది. 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ సర్వీసులు ఆగిపోయాయి. పండుగలకు, సెలవులకు ఛార్జీలు ఎలా పెరుగుతాయో మనకు తెలిసిందే.

మదీనాలో ధరలు పెరిగినప్పుడు వాటిని నిర్ణయించమని ప్రజలు కోరితే దైవప్రవక్త (స) అందుకు అంగీకరించలేదు. అయితే సరుకు దాచి ధర పెంచడాన్ని ఖండించారు. సంతకు వచ్చే బిడారులకు ఎదురేగి, ధర తెలియని వారి వద్ద సరుకు కొనడాన్నీ నిషేధించారు. అంటే వ్యాపారానికి స్వేచ్ఛ ఉంది, ఎదుటివాని తెలియనితనాన్ని సొమ్ము చేసుకునే స్వేచ్ఛ లేదు.

నేడు ఆ తెలియనితనం టికెట్టులో ఉంది. సామాను ఎన్ని కిలోలు? తేదీ మారితే ఎంత కట్టాలి? రద్దయితే ఎంత తిరిగి వస్తుంది? ఇవన్నీ కలిపి చూస్తేనే అసలు ధర తెలుస్తుంది. రసీదు లేకుండా ఏజెంటు చేతిలో డబ్బు పెట్టకూడదు.

మేము కోరేదొక్కటే. చదువుకున్న యువకులు జుమా నమాజు తర్వాత మస్జిదు వద్ద ఒక అరగంట కూర్చుని, చదువురాని సోదరుని టికెట్టు చదివి చెప్పాలి. అది కూడా సేవే, ఇన్షా అల్లాహ్ దానికీ పుణ్యం లభిస్తుంది.