పిహెచ్‌పి, మైఎస్‌క్యూఎల్‌లలో తెలుగు పాఠ్యం: ప్రారంభకుల సమస్యలు, పరిష్కారాలు

నిఘంటువులను, శాసన సూచికలను, తాళపత్ర పట్టికలను అంతర్జాలంలో నిక్షిప్తం చేయదలచిన పరిశోధకులకు పిహెచ్‌పి, మైఎస్‌క్యూఎల్ సులభంగా లభించే సాధనాలు. అయితే నమోదు చేసిన ఆరోపాలు కొన్ని సందర్భాలలో తెరపై ప్రశ్నార్థక చిహ్నాలుగా కనిపిస్తాయి. ఇది కేవలం ప్రదర్శన లోపమా, పాఠ్యమే నశించిందా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

కారణం: పాఠ్యం పుట, అనుసంధానం, పట్టిక అనే మూడు దశలను దాటుతుంది. మూడింటి సంకేత పద్ధతి ఒకటే కావాలి. మైఎస్‌క్యూఎల్ 8.0 (2018)కు పూర్వం అప్రమేయ పద్ధతి లాటిన్1. అందులో తెలుగు అక్షరాలకు స్థానం లేదు.

నిర్ధారణ: 'హెక్స్' ప్రమేయంతో నిల్వలోని బైట్లను పరిశీలించాలి. 'త'కు ఇ0బి0ఎ4 వస్తే బైట్లు భద్రంగా ఉన్నట్లే. 3ఎఫ్ వస్తే నిల్వలో ప్రశ్నార్థకమే మిగిలింది. మూలప్రతి నుండి తిరిగి నమోదు చేయడం తప్ప మార్గం లేదు. సి3ఎ0తో మొదలైతే పాఠ్యం రెండుసార్లు సంకేతీకరణ పొందింది; దానిని సరిదిద్దవచ్చు. ఏ సవరణకైనా ముందు నకలు తీసుకోవడం తప్పనిసరి.

పరిష్కారం: పట్టికకు యుటిఎఫ్8ఎంబి4 నిర్దేశించాలి. పిహెచ్‌పిలో అనుసంధానం ఏర్పడిన వెంటనే, ప్రశ్నలు పంపకముందే, 'సెట్_చార్‌సెట్' ద్వారా అదే పద్ధతిని ప్రకటించాలి. పుట యుటిఎఫ్-8 అని తెలపాలి. మైఎస్‌క్యూఎల్‌లోని పాత 'యుటిఎఫ్8' ఒక్కో సంకేతానికి 3 బైట్లే ఇస్తుంది. తెలుగుకు అది చాలుతుంది. 4 బైట్లు అవసరమైన బ్రాహ్మీ, గ్రంథ లిపులకు చాలదు. శాసన పాఠాలను నమోదు చేసేవారు ఈ భేదాన్ని గుర్తించాలి.

పొడవు లెక్క: 'తెలుగు' అన్న పదానికి 'స్ట్ర్‌లెన్' 18 అని, 'ఎంబి_స్ట్ర్‌లెన్' 6 అని, 'గ్రాఫీమ్_స్ట్ర్‌లెన్' 3 అని చెబుతాయి. మొదటిది బైట్లను, రెండవది యూనికోడ్ సంకేతాలను, మూడవది పాఠకుని కంటికి కనిపించే అక్షరాలను లెక్కిస్తుంది. బైట్ల లెక్కన పదాన్ని 10 వద్ద ఖండిస్తే నాలుగవ సంకేతం మధ్యలో తెగి, చెల్లని గుర్తు మిగులుతుంది. సంకేతాల లెక్కన ఖండించినా గుణింతపు గుర్తు హల్లు నుండి విడిపోవచ్చు. కనుక సంగ్రహ రూపాలను చూపేటప్పుడు మూడవ పద్ధతే శ్రేయస్కరం. పద్యపాదాలలో అక్షరగణన చేసేవారికి మొదటి రెండు సంఖ్యలు తప్పుడు ఫలితాలనిస్తాయి.

సంకేత పద్ధతిని పట్టిక నిర్మాణ దశలోనే నిర్ణయించి, ఒక్క ఆరోపాన్ని నమోదు చేసి, దాని బైట్లను పరీక్షించిన తరువాతనే మిగిలిన పాఠ్యాన్ని ఎక్కించడం ఉచితం. శిథిలమవుతున్న తాళపత్రం విషయంలో రెండవసారి నమోదుకు అవకాశం ఉండకపోవచ్చు.