తుఫాను కబురు

బందరు నుంచి బెజవాడ వెళ్ళే దారిలో గూడూరు అనే ఊరున్నది. (నెల్లూరు దిక్కున రైలు జంక్షను ఉన్న గూడూరు వేరు సుమా!) ఈ ప్రాంతంలో తుఫాను మాట వస్తే పెద్దవాళ్ళు చేస్తున్న పని ఆపి వింటారు. వినరూ మరి? 1864 నవంబరులో సముద్రం బందరు మీదికి వచ్చి సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకున్నది.

ఆనాడు ముందుగా కబురు చెప్పేవారు లేరు. కాని 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేనాటికి రేడియో ఉన్నది, హెచ్చరికా ఉన్నది. అయినా సుమారు 10,000 మంది పోయారు. ఎందుచేత?

మీరే ఆ ఇంట్లో ఉన్నారనుకోండి. తుఫాను వస్తుంది, కదలమని రేడియో చెప్పింది. కొట్టంలో గేదెలున్నవి, గాదెలో ధాన్యమున్నది. వాటిని ఎవరికి అప్పగిస్తారు? తలదాచుకోవటానికి గట్టి మేడ ఏదీ? పైగా, పోయినసారీ ఇలాగే చెప్పారు, చినుకైనా పడలేదాయె! ఇలా అనుకున్నవాళ్ళను తెలివితక్కువవాళ్ళనకూడదు. అలాగని కబురు చెప్పినవాళ్ళు అబద్ధాలకోరులూ కారు. తుఫాను బొంగరంలా తిరుగుతూ, దారి మార్చుకుంటూ వస్తుంది. అది ఎక్కడ తీరం దాటేదీ చాలా ముందుగా కచ్చితంగా చెప్పటం ఈనాటికీ కష్టమే.

1990 మే 9న మరొక భయంకరమైన తుఫాను కృష్ణ సముద్రంలో కలిసేచోటికి దగ్గరలోనే తీరం దాటింది. ఈసారి పోయినవారు సుమారు 1,000 మంది. అదీ తక్కువేం కాదు. కాని మునుపటిలో పదోవంతు. ఈ మధ్య 13 ఏళ్ళలో ఏం జరిగింది? 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఇన్‌శాట్ ఉపగ్రహం మేఘాల ఫోటోలు పంపసాగింది. హెచ్చరికలు కూడా ఆ ఉపగ్రహం మీదుగానే తీరంలోని కచేరీలకు వచ్చేవి. ముందు సైరను కూసేది, ఆ వెనక తెలుగులో మాటలు వినిపించేవి. ఊళ్ళలో గట్టి తుఫాను షెల్టర్లు లేచాయి. తుఫాను రాకముందే లక్షన్నరకు పైగా జనాన్ని తరలించారు. ఉపగ్రహం గొప్పదే, కాదనను. కాని వాకిట్లోకి వచ్చి, "పదండి, చోటున్నది" అనే మనిషి లేకపోతే ఎంతమంది కదిలేవారో!

రేవుల్లో తుఫాను గుర్తులు ఎత్తుతారని విన్నారు గదా! పగలు బుట్టల్లాంటి గుర్తులు, రాత్రి దీపాలు. పదో నంబరంటే మహాప్రమాదం. మరి పదకొండో నంబరు కూడా ఉన్నది, తెలుసునా? వాతావరణ కేంద్రంతో వార్తలు తెగిపోయినవని దాని అర్థం. అప్పుడిక పైనుంచి ఏ కబురూ రాదు. రేవులో ఉన్న అధికారి ఆకాశం చూసి, ప్రమాదమున్నదని తనకు తోస్తే, తన పూచీ మీదనే ఆ గుర్తు ఎత్తాలి.