మీకు తెలుసా? శాస్త్రం మన ‘పిట్ట’నే పేరుగా తీసుకుంది

పొన్నంకి పిట్ట ప్రజాతికి 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త వియెయో పెట్టిన పేరు ‘పిట్టా’, అచ్చంగా మన తెలుగు మాటే. ఆకుపచ్చ వీపు, నీలి భుజం, కంటిమీద నల్ల పట్టీ, పొట్టి తోక కింద ఎరుపు. ఇన్ని రంగులుంటే గుర్తుపట్టడం తేలికే కదా అనవచ్చు. కానీ నీడలో ఎండుటాకులు తిరగేస్తూ పురుగులు ఏరుకునే పిట్ట వీపు తిప్పితే ఆకుల్లో కలిసిపోతుంది. అందుకే చెవినే నమ్మాలి: తెల్లవారుజామున, సందెవేళ రెండు స్వరాల ఈల.

హిమాలయ పాదాల నుంచి, మధ్య భారతపు అడవుల నుంచి చలికాలానికి దక్షిణాదికీ శ్రీలంకకూ వలసపోయే ఈ పిట్టకు ఆకుచెత్తే అన్నం కంచం. ఆ ఆకుచెత్త పరచుకునే శ్రీకాకుళం జిల్లా పలాస, టెక్కలి, ఉద్దానం జీడితోటల్లో గింజలు ఏరాలంటే నేల శుభ్రంగా ఉండాలన్నది నిజమే. అయితే గింజ రాలేది వేసవిలో. పిట్టలు దక్షిణానికి దిగేది శరత్కాలంలో. గింజలు ఏరాక, పిట్టలు వచ్చి వెళ్లేదాకా ఆకులు ఊడ్చి తగలబెట్టకపోతే చాలు.